బండల దారిలో సాలెగూళ్లు

గుమ్మఘట్ట,
6 జూలై 2025

పెద్దనాయనకు రేష్మా సలాములు.

నువ్వు పుట్టపర్తికి పోయి ఎనిమిది నెలలైంది. నేను ఒక్క ముక్క రాయలేదని నీకు కోపం ఉంటే ఉండనీ, నాకూ ఉంది. నాయనను మన్ను చేసిన నెలలోపే తోట తాళాలు నా చేతిలో పెట్టి బస్సెక్కినావు. ఆ దుఃఖంలో వచ్చిన జ్వరానికి నీ చెవులు పోయినాయని, మేనల్లుడు శ్రీకాంత్ తన లాడ్జిలో కింది గది ఇచ్చినాడని అమ్మ చెప్తే తెలిసింది. ఫోను చేస్తే నీకు వినపడదు, ఫోనులో అక్షరాలు నీ కంటికి ఆనవు. అందుకే ఈ కాగితం.

రాయదుర్గంలో జీన్సు కుట్టే పని మానేసినా. ఇప్పుడు తోటకు కాపలా, మాలి, మేస్త్రి అన్నీ నేనే. స్నేహితులైన మీరిద్దరూ ఇరవై రెండేళ్లు పెంచిన మూడెకరాలను ఎండబెట్టలేదని ముందు చెప్పుకోవాలి. రెండు జల్లులు పడినాయి. విష్ణుక్రాంతం నేలంతా నీలంగా పరుచుకుంది. తుమ్మి, గునుగు తలలెత్తినాయి. తంగేడు సంగతి చెప్పేదేముంది, అది ఎప్పుడు పూయలేదు గనుక. బావి మీది తుమ్మకు గిజిగాళ్లు గూళ్లు మొదలుపెట్టినాయి.

రిజిస్టరు మీ పద్ధతిలోనే నడుపుతున్నా. నాకు సరిగ్గా గుర్తుందో లేదో నువ్వే చూడు. తెల్లవారుతూనే గేటు తీసి ఇద్దరూ చెరో దారి పట్టాలి. నువ్వు తంగేళ్ల దారి, నాయన బండల దారి. తోట కొసన రాతి బల్ల దగ్గర కలిసి, ఎవరి చీటీ వారు తీసి పోల్చుకోవాలి. ఒకే పిట్టను ఇద్దరూ చూసినా, ఒకే కూతను ఇద్దరూ విన్నా సిరాతో రాసి, పక్కన 'బ' అని నీ గుర్తు, 'జి' అని నాయన జిలాన్ బాషా గుర్తు. ఒక్కరే చూస్తే, ఒక్కరే వింటే పెన్సిల్. ఇప్పుడు నేనొక్కదాన్నే. ఎనిమిది నెలలుగా రిజిస్టరంతా పెన్సిలే పెద్దనాయనా.

ఇక అసలు సంగతి. పోయిన సెప్టెంబరు 21న నాయన బట్టమేక పిట్ట కూత విన్నానన్నాడు. ముప్ఫై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఎవరూ చూడని పిట్ట. నువ్వు పక్కనే ఉండి వినలేదన్నావు. పట్నం నుంచి పక్షులవాళ్లు వచ్చి మూడు దినాలు కూర్చుని, ఏమీ వినపడక నిన్నే అడిగినారు. "బాషాకు వయసు మళ్లింది" అన్నావు. ఆ పొద్దు నుంచి టీ హోటలు కాడ అందరికీ ఆయన 'బట్టమేక బాషా' అయినాడు. కళ్లతో చూసి వస్తానని తెల్లవారకముందే తోట వెనక గుట్ట ఎక్కడం మొదలుపెట్టినాడు. 28న ఎక్కినవాడు దిగి రాలేదు. గుండె ఆగింది.

మొన్న ఆ 21వ తేదీ పుట తీసి చూసినా. పెన్సిల్ రాత లేదు. రబ్బరుతో తుడిచిన మరక ఉంది. నాయన తానే తుడుచుకున్నాడా? ఆయన విన్నది నిజమా, అబద్ధమా? నాకు తెలియాల్సింది అదొక్కటే. ఎందుకు అడుగుతున్నానంటే, జూన్ 30 పొద్దున నేను బల్ల మీద కూర్చుని ఉండగా గుట్ట దిక్కు నుంచి నాకూ వినపడింది. పెద్ద బానలో మూతి పెట్టి ఎవరో పిలిచినట్టు, 'హూమ్' అని రెండుసార్లు. దానికి ముందు కాసేపు తోటలో ఒక్క పిట్ట నోరు మెదపలేదు.

పెన్సిల్‌తో రాసుకున్నా. నువ్వేమంటావో రాయి.

రేష్మా

*

పుట్టపర్తి,
15 జూలై 2025

చిరంజీవి రేష్మాకు పెద్దనాయన ఆశీస్సులు.

నీ జాబు చేరింది. తోట పచ్చగా ఉందంటే ప్రాణం లేచొచ్చింది. నాభి దుంపలు మొలిచాయా? వాటి చుట్టూ ముళ్లకంప పెట్టు, లింగన్న గొర్రెలు కంచె సందులోంచి మూతి పెడతాయి. గునుగు మరీ ఒత్తుగా వస్తే పీకెయ్, జాలిపడకు.

నువ్వు విన్న చప్పుడు గురించి. బావి దగ్గర ఖాళీ డ్రమ్ము మూత లేకుండా ఉందేమో చూడు. దాని మూతి మీదుగా గాలి పోతే అచ్చం అట్లాగే మోగుతుంది. లేదా సరిహద్దు అవతల క్వారీలో మందు పేల్చి ఉంటారు. ఇరవై రెండేళ్లలో నేను నీకు నేర్పింది ఒక్కటే, విన్నదాన్ని వెంటనే నమ్మొద్దని.

ఆ పుటను మీ నాయనే తుడుచుకుని ఉంటాడు. ఊరంతా నవ్వితే ఎవరికైనా అవమానమే కదా. పోయినవాడి మాటలు తవ్వి ఏం బాగుపడతాం? వాడు మంచివాడు. అది చాలదా?

పొద్దున్నే గుట్ట దిక్కు ఒంటరిగా పోవద్దు. మీ అమ్మ రంజాన్ బీని అడిగానని చెప్పు.

నీ పెద్దనాయన,
బయ్యన్న

*

గుమ్మఘట్ట,
2 ఆగస్టు 2025

పెద్దనాయనా,

డ్రమ్ముకు మూత ఉంది. మూత మీద రాయి కూడా ఉంది. క్వారీ ఆదివారాలు మూస్తారు, నేను విన్న తేదీల్లో రెండు ఆదివారాలు. అవును, ఒక్కసారి కాదు. ఇప్పటికి ఆరుసార్లు విన్నా. నాభి మొలిచింది, కంప పెట్టినా. నీ పాఠాలు అయిపోయినాయి గదా, ఇప్పుడు నేను చెప్పేది విను.

బండల దారిలో తుమ్మలకూ బండలకూ మధ్య పెద్ద సాలీళ్లు తెల్లవారేసరికి గూళ్లు అల్లి పెడతాయి. పొద్దున ఆ దారిన మొదట పోయినవాళ్ల మొహానికి అవి అంటుకోవాల్సిందే. నాయన ఇంటికొచ్చి గడ్డంలోంచి సాలెపోగులు తీసుకుంటూ టీ తాగడం నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. నేను పొద్దున తంగేళ్ల దారిన బల్ల దాకా పోయి, వచ్చేటప్పుడు బండల దారిన వస్తా. జూలై నడిమి నుంచి ఆ దారిలో ఒక్క గూడూ నా మొహానికి తగల్లేదు. అన్నీ నడిమికి చీలి రెండు పక్కలా వేలాడుతున్నాయి. పదకొండు గూళ్లు. నా నెత్తికి జానెడు పైదాకా చీలినాయి. గేటు తాళంచెవి నా కొంగుకే ఉంటుంది. నాకంటే ముందు లోపలికి పోయినవాళ్లు ఎవరు?

నన్ను పిచ్చిదని అనుకోకు. ఒక సాయంత్రం మన్ను జల్లెడపట్టి ఆ దారి పొడవునా చల్లినా. కుట్టుపని చేసినదాన్ని, ఎక్కడా ఎత్తుపల్లం లేకుండా చల్లినా. పొద్దున చూస్తే తీతువు కాలిగుర్తులు, పాము జారిన గీత ఒకటి. మనిషి అడుగు ఒక్కటీ లేదు. గూళ్లు మాత్రం పదకొండూ చీలినాయి.

నిన్న గుట్ట మొదట్లో కుళ్లిన మాంసం వాసన కొట్టింది. నాయన దొరికిన బండ వైపు నుంచి. అయినా పోయినా. బండ చుట్టూ కుందేటి కొమ్ముల మొక్కలు, చిక్కటి ఊదారంగు పూలతో, ఈగలు ముసురుకుని. ఆ పూల వాసనే అంత అని నాకు తెలుసు, నువ్వే చెప్పినావు. కానీ పోయిన ఏడు అక్కడ ఒక్క మొక్క కూడా లేదు. ఆ బండను నేను మరిచిపోయేదాన్ని కాదు.

అమ్మకు చెప్పినా. రొట్టె కాలుస్తా తల కూడా ఎత్తలేదు. "మీ నాయనే. పొద్దున్నే ఒక సుట్టు తిరక్కుంటే ఆ మనిషికి యాడ తోస్తాది? నువ్వు ఎదురు పోవాకు" అనింది.

"నీకు బయం లేదామా?" అన్నా.

"ఏమే, బతికుండంగ బయపడితివా?" అనింది.

నాకు మాత్రం భయంగానే ఉంది పెద్దనాయనా. భయం కంటే ఎక్కువ, ఆయన ఏదో అడుగుతున్నాడని అనిపిస్తుంది. ఆయనకు కావాల్సింది ఏమిటో నీకు తెలిసి ఉంటుంది.

రేష్మా

*

పుట్టపర్తి,
11 ఆగస్టు 2025

రేష్మా,

గుడ్లగూబ ఎగిరి గూళ్లు తెంచి ఉంటుంది. అంతకు మించి ఏమీ లేదు.

నువ్వు ఆ తోటలో ఒంటరిగా ఉండడం నాకు నచ్చలేదు. మొక్కలు చూడడానికి వచ్చే కాలేజీవాళ్లకు రాసి తోట అప్పగించు. రిజిస్టర్లు మూటకట్టి అటక మీద పెట్టు. చదవొద్దు. రాయదుర్గంలో నీ పని మళ్లీ దొరుకుతుంది.

ఆరోగ్యం బాగాలేదు. ఎక్కువ రాయలేను.

బయ్యన్న

*

గుమ్మఘట్ట,
30 ఆగస్టు 2025

పెద్దనాయనా,

చదవొద్దు అన్నావు గదా, కూర్చుని అన్నీ చదివినా.

అంతకుముందు లింగన్న చెప్పింది రాస్తా. నాయనను గుట్ట మీద మొదట చూసింది ఆయనే గదా. మొన్న కంచె కాడ గొర్రెలను అదిలిస్తా ఉంటే, ఆ రిజిస్టరును ఎవరైనా ముట్టుకున్నారా అని అడిగినా.

"ముట్టేది యాడిదమ్మా, బయ్యన్న అయ్యవారు ముట్టినాడు. బాషన్నను మన్నులో పెట్టిన మర్నాడు, పొద్దున్నే. ఆ బల్ల మీద కూసోని పుస్తకంలో ఏందో రుద్దుతాండె. కండ్లనీళ్లు కారిపోతాండాయి. నేను ఎనకనే, ఈడికి ఆడికి అంత దూరంలో ఉండా. 'ఏమన్నా, ఏమన్నా' అని మూడు తూర్లు పిలిస్తి. తిరిగి సూడల్య."

తిరిగి చూడలేదు. మర్నాటికి నీకింకా జ్వరం రాలేదు. జ్వరం వచ్చింది పదో దినం.

ఆ పొద్దు పాత రిజిస్టర్లన్నీ చాప మీద పక్కపక్కన పరిచినా. 2022 జూన్ 12న కూతలు విన్నవి తొమ్మిది పిట్టలు. 2023 జూన్ 12న అవే తొమ్మిది, అదే వరసలో. జూన్ 13 అట్లే. జూన్ 14 అట్లే. చూసిన పిట్టలు మాత్రం ఏడాదికో రకంగా ఉన్నాయి. కూసిన పిట్టలే తేదీ తప్పకుండా కూసినాయి. మీ చీటీల కట్ట విప్పితే, ఆ వరసలన్నీ నీ చీటీల్లోవే.

2023 జూన్ 12న చాతకం కూసిందని ఉంది. వాన లేనిది మన తోటకు చాతకం రాదు. ఆ ఏడు జూలై 19 దాకా చుక్క పడలేదు, బావిలో బురద తోడుకున్నాం. నాయన తన పూల పుస్తకంలో జూలై 19 కింద రాసుకున్నాడు: 'తొలివాన. ఈ ఏడు తొలి చాతకం ఈ పొద్దే కూసింది.' మరి జూన్‌లో రాని చాతకం రిజిస్టరులో సిరాతో ఉంది. పక్కన 'బ'. దాని పక్కన 'జి'.

నీకు వినపడదని ఆయనకు తెలుసు పెద్దనాయనా. మాకెవరికీ తెలియకముందే తెలుసు. నువ్వు నిరుటి పుట చూసి రాసుకొచ్చిన ప్రతి కూతకూ తన గుర్తు పెట్టినాడు. నేను పోల్చి చూసినంత వరకే నూట నలభై. బతుకులో చెనిక్కాయలు తూచే కాడ కూడా అబద్ధం ఆడని మనిషి, నీ పరువు పోకూడదని నూట నలభై అబద్ధాలు రాసినాడు. ఆయన నిన్ను అడిగింది ఒక్క గుర్తు. ఒక్కటంటే ఒక్కటి.

నాకు ఏడుపొస్తా ఉంది, కోపమొస్తా ఉంది, రెండూ ఒకేసారి వస్తా ఉంటే ఏది ఆపుకోవాలో తెలియడం లేదు. జవాబు రాయి. రాయకుంటే నేనే బస్సెక్కి వస్తా.

రేష్మా

*

పుట్టపర్తి,
9 సెప్టెంబరు 2025

తల్లీ,

నీ జాబు చదివి మూడు రోజులు గది తలుపు తీయలేదు. శ్రీకాంత్ కిటికీలోంచి అన్నం పెట్టి పోయాడు.

నేనే తుడిచాను.

చెవులు పోయింది జ్వరానికి కాదు. మూడేళ్ల ముందే మొదలైంది. మొదట పోయింది తేనెపిట్ట. ఆ సన్నని కూత వినపడకపోతే, కరువుకు తట్టుకోలేక తోట విడిచి పోయిందని అనుకున్నాను. బాషాతో అన్నాను కూడా, ఈ ఏడు తేనెపిట్టలు రాలేదే అని. వాడు నా మొహం వైపు కాసేపు చూశాడు. ఆ తర్వాత ఒక్కొక్క పిట్టే పోతూ వచ్చింది. కరువు ఇంత పాడుదా అని ఎంత బాధపడ్డానో. ఒక పొద్దున జిల్లేడు కొమ్మ మీద తేనెపిట్ట వాలింది. నాకు మూడడుగుల దూరం. గొంతు ఉబ్బించి, ముక్కు తెరిచి, ఒళ్లంతా ఊపి కూస్తోంది. చప్పుడు లేదు. పిట్టలన్నీ ఉన్నాయి, పోయింది నేనని అప్పుడు తెలిసింది.

చెప్పి ఉండాల్సింది. సిగ్గుపడ్డాను. బడి నుంచి రిటైరైన నాకు ఆ రిజిస్టరు తప్ప ఇంకేముంది? పొద్దున లేచి బట్టలు వేసుకోవడానికి అదొక్కటే కారణం. అందుకే ముందురోజే నిరుటి పుట చూసి చీటీ రాసి పెట్టుకునేవాణ్ణి. బాషా ఆ చీటీ చూసి, తల వంచుకుని గుర్తు పెట్టేవాడు. వాడు నమ్ముతున్నాడనే అనుకున్నాను. వాడికి తెలుసన్న సంగతి నీ జాబుతోనే తెలిసింది. ఈ వయసులో ఇంత దెబ్బ పడుతుందని అనుకోలేదు.

ఆ 21వ తేదీ బల్ల దగ్గర వాడు ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. "ఇదో, ఇనప్పా" అన్నాడు. చిన్నపిల్లవాడిలా ఉంది వాడి మొహం. నాకేమీ వినపడలేదు. నా గుట్టు ఇప్పుడు బయటపడుతుందని భయం వేసింది. రొమ్ములో ఎవరో రెండుసార్లు గుద్దినట్టయింది. మామూలు పిట్టలకు నిరుటి పుట ఉంది. ఈ పిట్టకు లేదు. విన్నానంటే, ఎట్లా కూసింది, ఎన్నిసార్లు కూసింది అని పదిమంది వచ్చి అడుగుతారు. నేనేం చెప్పను? అందుకే లేదన్నాను. ఒకసారి లేదన్నాక పక్షులవాళ్ల ముందు, ఊరి ముందు దాన్నే నిలబెట్టుకోవాల్సి వచ్చింది. వాడికి వయసు మళ్లిందని ఈ నోటితోనే అన్నాను.

మన్ను చేసిన మర్నాడు ఆ పుట తెరిచాను. వాడి పెన్సిల్ రాత, పక్కన 'జి', దాని పక్కన నా గుర్తు ఉండాల్సిన ఖాళీ చోటు. ఆ ఖాళీని చూడలేక తుడిచాను.

గుడ్లగూబ అని రాశాను. అది కూడా అబద్ధమే. గుడ్లగూబ దారిలో పదకొండు గూళ్లు వరసగా తెంచదని నీకు చెప్పి ఉండాల్సినవాణ్ణి నేనే. నీ రెండో జాబు చదివినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు.

క్షమించమని అడిగే మొహం లేదు.

బయ్యన్న

*

గుమ్మఘట్ట,
16 సెప్టెంబరు 2025

పెద్దనాయనా,

నీ జాబు అమ్మకు చదివి వినిపించినా. తర్వాత, "28న ఏడాది ఫాతెహా. వచ్చి ఒక ముద్ద తిని పొమ్మని రాయి. వాళ్లిద్దరి నడుమ మనమెందుకు?" అనింది. అమ్మ మనసు పెద్దది. నాది అంత పెద్దది కాదు. నిన్ను ఇంకా క్షమించలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి.

ముందురోజే రా. 28 పొద్దున గేటు తీస్తా. నేను తంగేళ్ల దారిన పోతా. నువ్వు బండల దారిన, నాయన దారిన పోవాలి. ఇద్దరం బల్ల కాడ కలుద్దాం. నీకు వినపడదని తెలుసు. అయినా ఒకసారి ఆయన దారిన నడువు.

ఒక్క మాట. జాలిపడి సిరా పెట్టినావంటే ఆ పుట చించేస్తా. నాయన చాలా అబద్ధాలకు గుర్తు పెట్టినాడు. ఆయన మాటకు ఇంకో అబద్ధం తోడు వద్దు. నిజమైతేనే సిరా, లేకుంటే ఆయన రాత తుడిచినట్టే ఉండిపోనీ.

రేష్మా

*

గుమ్మఘట్ట,
4 అక్టోబరు 2025

పెద్దనాయనా,

నువ్వు పోయినాక ఆరు దినాలు ఈ జాబు మొదలుపెట్టడం, చించడం. ఇది నాలుగోది.

ఆ పొద్దు సంగతి నాకు ఇట్లా గుర్తుంది. మంచు పడి ఉంది, ఆకు కదలడం లేదు. గేటు తీసినా. నువ్వు కట్టె పట్టుకుని అటు పోయినావు, నేను ఇటు. తంగేళ్ల దారిలో సగం పోయేసరికి పిట్టలన్నీ ఒక్కసారిగా నోరు మూసినాయి. ఇప్పుడు కూస్తుందని నిలబడిపోయినా. చెవులు రిక్కించి, ఊపిరి బిగబట్టి విన్నా. కూత లేదు. కాసేపటికి పికిలిపిట్టలు మళ్లీ మొదలుపెట్టినాయి. జూన్ నుంచి పద్నాలుగుసార్లు విన్నదాన్ని, ఆ ఒక్క పొద్దు వినలేదు.

బల్ల కాడికి నువ్వు చాలా ఆలస్యంగా వచ్చినావు. మొహం సున్నం కొట్టినట్టుంది. చెమటకు చొక్కా తడిసిపోయింది. పలక మీద "ఏమైంది?" అని రాసి చూపించినా. రిజిస్టరు కావాలని సైగ చేసి, ఏదో రాసి, మూసి నా ఒళ్లో పెట్టినావు. 'వినలేదు' అని రాసినావేమో అనుకున్నా. నిన్ను చూస్తే జాలేసింది, అప్పుడే తెరిచి చూడబుద్ధి కాలేదు. ఫాతెహా అయింది, అన్నం తిన్నావు, అమ్మ కాళ్ల మీద పడబోతే ఆమె వద్దని లేపింది, బస్సెక్కినావు.

రాత్రికి పుస్తకం తెరిచినా. పోయిన ఏడు సెప్టెంబరు 21 పుటలో, తుడిచిన చోట, కాగితం మీద పెన్సిల్ గాడి మిగిలి ఉంటే దాని మీదనే నాయన అక్షరాలను ఒక్కొక్కటే సిరాతో దిద్దినావు. 'జి' పక్కన 'బ' పెట్టినావు. అది కాక, ఈ ఏడు సెప్టెంబరు 28 కింద ఇంకొకటి రాసినావు: 'బట్టమేక. కూత, రెండుసార్లు. చప్పట బండ దగ్గర.' సిరాతో. పక్కన 'బ', 'జి'.

చెవులున్న నాకు వినపడనిది నీకెట్లా వినపడింది? పోయిన ఏడు వినలేదని నాకు రాసి, ఇప్పుడు విన్నట్టు ఎట్లా దిద్దినావు? పైగా ఈ ఏడు పుటలో 'జి' పెట్టేదానికి నీకెవరు చెప్పినారు? ఏడాది కింద పోయిన మనిషి గుర్తు! జాలిపడి రాయొద్దని అంతగా చెప్పినాను గదా. పుట చించుదామని పట్టుకున్నా. చెయ్యి రాలేదు.

ఇది కూడా అబద్ధమైతే ఆ మాట రాసేయ్ పెద్దనాయనా. తిట్టను. తెలుసుకుంటే చాలు.

ఇంకో సంగతి. 28 తర్వాత కూడా బండల దారిలో గూళ్లు చీలుతూనే ఉన్నాయి. పదకొండూ.

రేష్మా

*

పుట్టపర్తి,
12 అక్టోబరు 2025

తల్లీ,

పుట చించొద్దు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం. నా మాటకు విలువ లేకుండా చేసుకున్నది నేనే.

గేటు నా ఎదుటే తీశావు. బండల దారిలో నేను తప్ప ఇంకో మనిషి లేడు. మొదటి తుమ్మ దగ్గరికి వచ్చి, గూడు తగులుతుందని చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఏమీ తగల్లేదు. చెవులు పోయినా కళ్లున్నాయి కదా. గూడు నడిమికి చీలి ఉంది. దాని పోగులు ఇంకా ఊగుతున్నాయి. గాలి లేదు తల్లీ, ఆకు కదలడం లేదని నువ్వే రాశావు.

రెండోది కూడా అట్లాగే ఊగుతోంది. మూడోది నేను చూస్తుండగా, నాకు నాలుగడుగుల ముందు, పైనుంచి కిందికి చీలింది. నేను పొట్టివాణ్ణి. నా నెత్తికి ఎంతో పైనుంచి చీలింది. వెనక్కి పరిగెత్తుదామనుకున్నాను. "బాషా" అని పిలిచాను. పిలిచానో, పెదవులే కదిలాయో నాకు తెలియదు. అడుగు ముందుకు వేశాను. నాలుగోది చీలింది. ఐదు. ఆరు. నేను ఆగితే ఆగుతోంది, నడిస్తే చీలుతోంది. ఈ ముసలివాడితో నడిచేటప్పుడు వాడు ఎప్పుడూ అట్లాగే నడిచేవాడు.

ఏడోది దాటాక ఎనిమిదో గూడు చెక్కుచెదరకుండా ఉంది. మంచుబొట్లతో మెరుస్తోంది. ఎంతసేపు చూసినా చీలలేదు. ఆ పక్కనే చప్పట బండ. వినడానికి బాషా రోజూ ఆగే చోటు. నేనూ ఆగి బండ మీద చెయ్యి వేశాను.

అప్పుడు రొమ్ములో రెండుసార్లు గుద్దింది. చేతి కింద బండ కూడా రెండుసార్లు అదిరింది. ఏ చప్పుడూ లేదు, లోపల ఆ అదురు ఒక్కటే. పోయిన ఏడు వాడు నా చెయ్యి పట్టుకున్నప్పుడు గుద్దింది చూడు, అదే. అంతే బరువు, రెండింటి నడుమ అంతే ఎడం. ఆ రోజు దాన్ని నా భయమనుకున్నాను. అది పిట్ట కూత తల్లీ. మీ నాయన నిజమే చెప్పాడు. ఆ రోజు నేను కూడా విన్నాను. విని, విన్నది ఏమిటో తెలియక, వినలేదన్నాను. అందుకే వాడి అక్షరాలు దిద్ది నా గుర్తు పెట్టాను. ఏడాది ఆలస్యంగా పెట్టాను.

కూత ఆగాక ఎనిమిదో గూడు చీలింది. ఆ తర్వాత బల్ల దాకా మిగిలిన మూడూ. నేను ఏడుస్తూ వెనకే వచ్చాను.

28 నాటి పుటలో 'జి' నేనెందుకు పెట్టానని అడిగావు. నువ్వు వినలేదు కాబట్టి నీ గుర్తు పెట్టలేదు. ఒక్కడే విని ఉంటే పెన్సిల్‌తోనే రాసేవాణ్ణి. ఇద్దరం విన్నాం కాబట్టి సిరాతో రాశాను. మా పద్ధతి నేను తప్పలేదు, ఈసారి.

వచ్చే నెల తోటకు తిరిగి వస్తున్నాను. నా చీటీలో కూతలు ఉండవు, చూసినవే రాస్తాను. నువ్వు విన్నవి నువ్వు రాయి. నేను వచ్చేదాకా తంగేళ్ల దారినే పోయి, తంగేళ్ల దారినే తిరిగి రా. బండల దారిన వాడిని ముందు పోనీ. బల్ల మీద నడిమిన కూర్చోవద్దు. కాస్త పక్కకు జరిగి కూర్చో.

నీ పెద్దనాయన,
బయ్యన్న